వారానికి 70 కిలోమీటర్లు పరిగెత్తేవాడు బరువులు ఎత్తాలా?

బీటీఎం రన్నర్:
అందరికీ నమస్తే. నేనుండేది బెంగళూరు. హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) గంటా 34 నిమిషాల దగ్గర రెండేళ్లుగా ఆగిపోయాను. మంగళవారం కంఠీరవ ట్రాక్ మీద ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా, మళ్లీ మళ్లీ), శుక్రవారం టెంపో (ఆగకుండా ఒకే గట్టి వేగంతో), ఆదివారం లాల్‌బాగ్, కబ్బన్ పార్క్ కలిపి లాంగ్ రన్, మిగతా రోజులు నెమ్మదిగా, మొత్తం వారానికి 70. ఇప్పుడు కోచ్ వారానికి రెండు రోజులు జిమ్‌కి వెళ్లమంటున్నాడు, అదీ తేలికవి కాదట, నాలుగైదు రెప్స్‌కే (అంటే నాలుగైదుసార్లు ఎత్తగానే) చాలనిపించే బరువుతో స్క్వాట్లు. మా గ్రూప్‌లో సగం మంది వద్దంటున్నారు, కండ పెరిగితే దాన్ని కూడా మోసుకుంటూ పరిగెత్తాలి కదా అని. పొద్దున గంటన్నర తప్ప నాకు టైమ్ లేదు, తర్వాత ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్, ఆఫీసు. ఏం చెయ్యమంటారు?

లాల్‌బాగ్ పాతకాపు:
వద్దు తమ్ముడూ. పరుగు పరిగెత్తితేనే వస్తుంది. జిమ్‌కి పోయే ఆ రెండు గంటలు రోడ్డు మీద పెట్టు, 70ని 85 చెయ్యి, ఆరు నెలల్లో తేడా నీకే తెలుస్తుంది. బలం, దమ్ము రెండూ ఒకేసారి కావాలంటే కుదరదని 1980లోనే హిక్సన్ పరిశోధన చేసి చూపించాడు. నేను నలభై దాటాక ఒక ఏడాది డెడ్‌లిఫ్ట్‌లు (నేల మీంచి రాడ్ ఎత్తడం) పట్టుకున్నాను. సోమవారం ఎత్తితే బుధవారం దాకా మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. ఇంటర్వెల్స్ పాడయ్యాయి, ఆఖరికి తొడ వెనక కండరం పట్టేసి ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను.

కోరమంగళ స్క్వాట్:
పాతకాపు గారూ, హిక్సన్ పేరు అందరూ చెబుతారు గానీ ఆ పరిశోధనలో చెడింది ఏంటో చూడాలండీ. వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు ఎండ్యూరెన్స్, 10 వారాలు రెండూ చేయించాడు. ఏడెనిమిది వారాల తర్వాత ఆగిపోయి కిందికి దిగింది బలం. వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) మాత్రం ఎండ్యూరెన్స్ ఒక్కటే చేసినవాళ్లకి పెరిగినంతే వీళ్లకీ పెరిగింది. అంటే పరుగు వల్ల బలానికి అడ్డం పడింది గానీ బలం వల్ల పరుగుకి కాదు. బాడీబిల్డర్ భయపడాల్సిన ఫలితం చూపించి మనం రన్నర్లని భయపెడుతున్నాం, నాకు బాధ అక్కడే.

బాగా ట్రైన్ అయినవాళ్ల మీద చేసినవి చూడండి. 1999లో ఫిన్లాండ్‌లో పావొలైనెన్ బృందం 9 వారాలు ట్రైనింగ్ గంటల్లో దాదాపు మూడో వంతు తీసేసి ఆ చోట జంప్‌లు, స్ప్రింట్లు, వేగంగా ఎత్తే బరువులు పెట్టింది. 5 కిలోమీటర్ల టైమ్ తగ్గింది, వీఓ2 మ్యాక్స్ పెరగకుండానే. 2008లో నార్వేలో స్టోరెన్ బృందం 8 వారాలు, వారానికి మూడుసార్లు, 4 సెట్లు, సెట్‌కి 4 రెప్స్ మాత్రమే వచ్చే బరువుతో హాఫ్ స్క్వాట్లు చేయించింది. అదే వేగానికి పట్టే ఆక్సిజన్ 5 శాతం తగ్గింది. శరీర బరువు పెరగలేదు. తక్కువ రెప్స్ కాబట్టి ముందు నేర్చుకునేది నరాలు, గట్టిపడేది టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లు). పిక్క, మడమ గట్టి స్ప్రింగ్‌లా ఉంటే నేలని తాకిన ప్రతిసారీ కొంత శక్తి తిరిగొస్తుంది. పైగా ఇంత పరిగెత్తేవాడికి కండ పెరగడం అంత తేలిక కాదు.

లాల్‌బాగ్ పాతకాపు:
హిక్సన్ విషయం ఒప్పుకుంటాను, నేను సగమే తెలుసుకున్నాను. కానీ నార్వే వాళ్లు 17 మంది, 8 వారాలు. ఈ అబ్బాయి పొద్దున ఐదింటికి లేచి, తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, రాత్రి పదకొండింటికి పడుకునేవాడు. అలసిన ఒంటి మీద ఇంకో రెండు సెషన్లు పెడితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే.

నంది కొండ సైకిల్:
మీరు చెప్పిన అలసట నిజమే అంకుల్, కానీ తప్పు బరువుది కాదు, పెట్టిన రోజుది. మీరు సోమవారం ఎత్తి మంగళవారం ఇంటర్వెల్స్‌కి వెళ్లి ఉంటారు. నేను సైకిల్ రేసులకి తయారవుతాను. మొదట్లో నాకూ అదే జరిగింది, నంది కొండ సగం ఎక్కేసరికి తొడలు రాళ్లయ్యేవి. తర్వాత కష్టం అంతా ఒకే రోజుకి తెచ్చాను: పొద్దున గట్టి రైడ్, సాయంత్రం బరువులు, మర్నాడు పూర్తిగా తేలిక. మూడు వారాలకి ఆ నొప్పి మాయమైంది. నాకు లాభం తెలిసింది మాత్రం మొదటి గంటలో కాదు, ఆఖరి గంటలో. రోనెస్టాడ్ బృందం 2011లో చూసింది కూడా అదే: 185 నిమిషాలు తొక్కాక ఆఖరి 5 నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కమంటే బరువులు ఎత్తినవాళ్ల పవర్ మెరుగుపడింది. రేసుల సీజన్లో వారానికి ఒక్కసారి ఎత్తినా ఆ బలం నిలుస్తుంది.

కోరమంగళ స్క్వాట్:
ఈ అక్క చెప్పిందే అసలు మాట. బీటీఎం బ్రో, 70 కిలోమీటర్ల పైన కలపకు, నెమ్మది పరుగుల్లోంచి ఎనిమిదో పదో తీసెయ్. ఇక చాలు, రాడ్ లేవదు అనేదాకా ఎప్పుడూ వెళ్లకు, ఇంకో రెండు వస్తాయనగానే ఆపెయ్. 20 రెప్స్ చొప్పున తేలిక డంబెల్స్ ఊపడం మాత్రం వద్దు, ఆ ఓర్పు నీకు పరుగే ఇస్తోంది.

బీటీఎం రన్నర్:
అందరికీ థాంక్స్. నిన్న మంగళవారం సాయంత్రం ఎలాగో టైమ్ చేసుకుని మా వీధి చివర బేస్‌మెంట్ జిమ్‌లో మొదలుపెట్టాను. 20 కిలోల ఖాళీ రాడ్‌తో కిందికి కూర్చుంటే కుడి మడమ నేల మీంచి లేచిపోతోంది, ట్రైనర్ కింద చిన్న ప్లేట్ పెట్టాక నిలిచింది. ప్రతి రేసులో పదహారో కిలోమీటర్ దగ్గర నొప్పి మొదలయ్యే కాలు అదే. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని పట్టుకోలేదు. రెండోది శుక్రవారం టెంపో రోజు సాయంత్రం పెడుతున్నాను. నొప్పి మర్నాటికి మించితే బరువు తగ్గిస్తాను, పాతకాపు అన్నా.

లాల్‌బాగ్ పాతకాపు:
సరే, 12 వారాలు చూద్దాం. ఆ మడమ సంగతి ఫిజియోకి చూపించు ముందు, ప్లేట్ పెట్టి వదిలెయ్యకు. ఆదివారం లాంగ్ రన్‌లోంచి మాత్రం ఒక్క కిలోమీటర్ కూడా తగ్గించకు.