పాత 300 ఎంఎం మాన్యువల్ లెన్స్‌తో చిన్న పిట్టలు: పీకింగ్ వెలుగుతోంది, కన్ను మాత్రం మెత్తగా వస్తోంది

ఎం42_మోజు:

సామాను ఇది: ఎస్‌ఎంసీ టకుమార్ 300 ఎంఎం ఎఫ్/4, ఎం42 (పాతకాలపు మర మౌంటు) నుంచి సోనీ ఇ మౌంట్‌కి గాజు లేని మామూలు అడాప్టర్, 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి మిర్రర్‌లెస్ బాడీ (స్టెబిలైజేషన్ బాడీలోనే ఉంది), మోనోపాడ్. తీసేవి తేనెపిట్టలు, పిచ్చుకలు, అంతకన్నా పెద్దవి కావు. దూరం సుమారు 6 మీటర్లు. ఎఫ్/4, షట్టర్ 1/500.

వంద ఫ్రేములకు ఐదారింటిలోనే కన్ను షార్ప్‌గా ఉంటోంది. పీకింగ్ (ఫోకస్‌లో ఉన్నాయనుకున్న అంచులకు కెమెరా వేసే రంగు) ఎర్రగీతలు పిట్ట ఒళ్లంతా వస్తాయి, కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి చూస్తే రెక్కో కొమ్మో షార్ప్, కన్ను మెత్తన. తెల్లటి ఆకాశం ముందు కొమ్మలకు ఊదారంగు అంచు. ఎపర్చర్ రింగ్ ఎఫ్/8కి తిప్పినా వ్యూఫైండర్‌లో ఏ మార్పూ లేదు. పైగా ఈ లెన్స్ 5.5 మీటర్ల కంటే దగ్గర ఫోకస్ కాదు, కాబట్టి పిట్ట ఫ్రేములో పావు వంతే.

లెన్స్‌లోనే లోపమా, నా పద్ధతిలోనా? ఆటోఫోకస్ లెన్స్ కొనమనే సలహా దయచేసి వద్దు.

---

కొమ్మచివర:

లెన్స్‌ని అనుమానించే ముందు ఒక లెక్క చూడండి. 300 ఎంఎం, ఎఫ్/4, 6 మీటర్లు, ఏపీఎస్-సి. ప్రింటు కోసం వాడే మామూలు ప్రమాణంతో లెక్కిస్తే ఫోకస్ లోతు (షార్ప్‌గా కనిపించే మందం) 6 సెంటీమీటర్లు వస్తుంది. మీరు చూసేది ప్రింటు కాదు, 100 శాతం క్రాప్. ఆ కంటితో లెక్కిస్తే రెండున్నర సెంటీమీటర్లకు మించదు. అందులో సగం ముందుకి, సగం వెనక్కి. అంటే కన్ను ఉన్న చోటు నుంచి ఒకటింపావు సెంటీమీటరు తప్పితే చాలు, పోయినట్టే. గాలికి కొమ్మ ఊగేదే అంతకంటే ఎక్కువ. మోనోపాడ్ మీద మనిషి ముందుకీ వెనక్కీ ఊగేది కూడా అంతకంటే ఎక్కువే.

పీకింగ్ మిమ్మల్ని మోసం చేస్తున్నది ఇక్కడే. అది వెతికేది ఫోకస్‌ని కాదు, కాంట్రాస్ట్ ఉన్న అంచుల్ని. వ్యూఫైండర్‌కి వచ్చే చిన్న సైజు బొమ్మ మీద వెతుకుతుంది కాబట్టి దానికి 6 సెంటీమీటర్లూ ఫోకస్‌లో ఉన్నట్టే లెక్క. ఆకాశం ముందున్న కొమ్మయితే ఫోకస్ తప్పినా ఎర్రబడుతుంది. నల్లటి తలలో నల్లటి కన్నయితే ఎంత కచ్చితంగా కుదిరినా ఎర్రబడదు.

ఇలా మార్చి చూడండి. పీకింగ్ లెవెల్ బాగా తగ్గించండి, లేదా ఆపేయండి. ఫోకస్ మాగ్నిఫైయర్‌ని బొటనవేలికి అందే బటన్‌కి పెట్టుకుని 5 నుంచి 6 రెట్ల దగ్గర వాడండి. పది, పన్నెండు రెట్లయితే పిట్ట ఎటు పోయిందో వెతుక్కోవడమే సరిపోతుంది. పెంచి చూపే గడిని ఫ్రేము మధ్యలో కాక కాస్త పైకి, తల ఉండే చోటుకి జరిపి ఉంచండి. ముందు పూర్తి ఫ్రేములో పిట్టని పట్టుకోండి, రింగ్‌తో సుమారుగా ఫోకస్‌కి తెచ్చి, పెంచి, కంటిలోని వెలుగు చుక్క చిన్నదై గట్టిపడే వరకు తిప్పండి. ఆ చుక్కే మీ గురి. ఈకలు కాదు, ముక్కు కాదు.

చుక్క గట్టిపడిందనుకోగానే ఒక్క ఫ్రేముతో ఆగొద్దు. సెకనుకు 8 ఫ్రేముల చొప్పున ఆరేడు ఫ్రేములు కొడుతూ, రింగ్‌ని వెంట్రుకవాసి కదిపి ఆ చోటుని దాటించండి. లేదా రింగ్ ముట్టుకోకుండా ఒంటిని సెంటీమీటరు ముందుకి వంచి వెనక్కి తెచ్చుకోండి. ఈ రెండోదే నాకు నచ్చుతుంది, చెయ్యి కంటే నడుము నెమ్మదిగా కదులుతుంది.

1/500 చాలదు. చిన్న పిట్ట కూర్చున్నా తల గిరుక్కున తిప్పుతూనే ఉంటుంది. 1/1000 నుంచి మొదలుపెట్టండి, తేనెపిట్టకి 1/1600. మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన కన్నుని ఎవరూ బాగు చేయలేరు.

స్టెబిలైజేషన్ మెనూలో ఫోకల్ లెంగ్త్ 300 అని చేత్తో పెట్టారా? అడాప్టర్‌లో చిప్ లేకపోతే బాడీకి లెన్స్ ఏదో తెలియదు. 450 పెట్టకండి, చిన్న సెన్సర్‌కని ఒకటిన్నర రెట్లు చేసే క్రాప్ లెక్క అక్కర్లేదు, లెన్స్ మీద రాసిందే పెట్టాలి. పాత విలువ ఏ 50గానో ఉండిపోతే సరిదిద్దాల్సిన కదలికని తక్కువగా లెక్కేస్తుంది, పెంచి చూసినప్పుడు బొమ్మ కుదురుగా నిలవదు.

---

గ్రీజుచేతులు:

ఎపర్చర్ సంగతి నేను చెప్తాను. ఎం42 ఆటో లెన్స్‌ల వెనక ఒక చిన్న పిన్ను ఉంటుంది. పాత కెమెరా షట్టర్ నొక్కినప్పుడు ఆ పిన్నుని తోసి బ్లేడ్లు మూసేది. మీ అడాప్టర్‌లో పిన్నుని నొక్కే అంచు లేదన్నమాట. అందుకే రింగ్ ఎక్కడున్నా లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటోంది. మీరు ఎఫ్/8 అనుకుని తీసినవి కూడా ఎఫ్/4వే. లెన్స్ పక్కన ఎ/ఎం అని స్విచ్ ఉంటుంది, దాన్ని ఎం వైపుకి తొయ్యండి. తర్వాత ముందు నుంచి చూస్తూ రింగ్ తిప్పితే బ్లేడ్లు కదలడం కనిపించాలి. కదలకపోతేనో, నెమ్మదిగా బద్ధకంగా కదిలితేనో బ్లేడ్లకి నూనె పట్టినట్టు. అప్పుడు విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఊదా అంచుకి కారణం లెన్స్ పుట్టుక. ఈడీ గాజు (రంగులు చెదరకుండా చూసే ప్రత్యేక గాజు) లేని పాత టెలిఫోటోలు దాదాపు అన్నిటిదీ ఇదే జబ్బు: అన్ని రంగులూ ఒకే తలంలో కలవవు. ఎఫ్/5.6కి సగం, ఎఫ్/8కి చాలా వరకు తగ్గుతుంది. అయితే దీన్ని వాడుకోవచ్చు కూడా. ఫోకస్‌కి ముందున్న అంచులు ఊదాగా, వెనకున్నవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. పెంచి చూసినప్పుడు కంటి చుక్క చుట్టూ ఊదా ఉంటే ఫోకస్ ఇంకా వెనక ఉంది, దగ్గరికి లాగాలి. రంగు మాయమైన చోటే సరైన చోటు. కొందరు వ్యూఫైండర్‌ని నలుపు తెలుపులో పెట్టుకుని రా (RAW) ఫైల్ తీస్తారు, పీకింగ్ బాగా కనబడుతుందని. మంచి ఉపాయమే గానీ ఈ రంగు కిటుకు దానితో పనిచేయదు, ఏదో ఒకటి ఎంచుకోండి.

కాంట్రాస్ట్ పేలవంగా ఉంటే గాజుని తిట్టే ముందు అడాప్టర్ లోపల చూడండి. ఎం42 రిజిస్టర్ (మౌంటు నుంచి సెన్సర్ దాకా ఉండాల్సిన దూరం) 45.46 ఎంఎం, ఇ మౌంట్‌ది 18. అంటే మధ్యలో 27 ఎంఎం పైచిలుకు గొట్టం. చవక అడాప్టర్లలో ఆ గొట్టం లోపలి గోడ నల్లగా ఉన్నా మెరుస్తుంది. ఆకాశపు వెలుగు అక్కడ తగిలి సెన్సర్ మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. మెరవని నల్ల వెల్వెట్ కాగితం కత్తిరించి లోపల అంటించండి. పిన్నుకీ మరలకీ తగలకూడదు, నూగు రాలే రకం అసలే వద్దు. హుడ్ కూడా పొట్టిగా ఉంటే నల్ల అట్టతో పొడిగించండి. ఫ్రేము మూలలు నల్లబడటం మొదలైతే అంతకు ఒక సెంటీమీటరు తగ్గించి ఆపండి.

ఫోకస్ రింగ్ బిగుసుగా ఉందా? పాత గ్రీజు గట్టిపడితే రింగ్ ముందు కదలదు, కదిలితే ఒక్కసారి జారుతుంది. వెంట్రుకవాసి తిప్పడం దానితో కుదరదు. హెలికాయిడ్ (రింగ్ తిప్పితే లెన్స్‌ని ముందుకీ వెనక్కీ నడిపే మర) విప్పాల్సి వస్తే రెండు భాగాలూ విడిపోయే చోట గుర్తు గీయకుండా విప్పకండి. మర చాలా చోట్ల పట్టుకుంటుంది, ఒక్క చోటే సరైనది. తప్పు చోట ఎక్కిస్తే అనంతం దాకా ఫోకస్ వెళ్లదు. ఆ పని చేతకాదనుకుంటే ఒక జిప్ టైని రింగ్ చుట్టూ బిగించి తోకని 5 సెంటీమీటర్లు వదిలేయండి. వేలితో ఆ తోకని నెడితే రింగ్‌ని గుప్పిట పట్టి తిప్పే దానికంటే సన్నగా కదులుతుంది. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

---

పొదచాటు:

పైవాళ్లు చెప్పినవన్నీ సరే, కానీ 6 మీటర్ల దగ్గర తీసినంత కాలం పెద్ద తేడా రాదు. 6 మీటర్లకు మీ ఫ్రేము వెడల్పు 42 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల తేనెపిట్ట అందులో పావు వంతు. దగ్గరికి వెళ్లాలి, మీ లెన్స్ వెళ్లనివ్వదు. దానికి మందు ఎం42 ఎక్స్‌టెన్షన్ ట్యూబు, లెన్స్‌ని సెన్సర్‌కి దూరంగా జరిపే ఖాళీ గొట్టం. 9, 16, 30 ఎంఎం మూడు కలిపిన సెట్టు దొరుకుతుంది. లోపల గాజు ఉండదు కాబట్టి నాణ్యత పెద్దగా తగ్గదు. లెన్స్‌కీ అడాప్టర్‌కీ మధ్య బిగించాలి.

మీ లెన్స్‌కి లెక్క కట్టి చెప్తున్నా, దూరాలు సెన్సర్ నుంచి:

9 ఎంఎం: 3.9 నుంచి 10.6 మీటర్ల దాకా.
16 ఎంఎం: 3.25 నుంచి 6.2 దాకా.
30 ఎంఎం: 2.5 నుంచి 3.6 దాకా. దీనితో పిట్ట ఒక్క గెంతు వెనక్కి వేస్తే మీ పరిధి దాటిపోతుంది, పక్కన పెట్టేయండి.

16 ఎంఎం వేసి 3.25 మీటర్లకు వెళ్తే పిట్ట ఫ్రేములో సగం. కాకపోతే ఫోకస్ లోతు ఎఫ్/5.6 దగ్గర కూడా 100 శాతం లెక్కన ఒక్క సెంటీమీటరే, కాబట్టి ఎఫ్/8కి వెళ్లండి. పిట్ట పక్కకి తిరిగి ఉన్నప్పుడే నొక్కండి, కన్ను, ముక్కు, రెక్క ఒకే తలంలో ఉంటాయి. మీకేసి చూస్తున్నప్పుడు ముక్కుకొన నుంచి తోక దాకా కుదరదు, కన్నుకి మాత్రం గురి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, పిట్ట వెంట ఫోకస్ రింగ్ పరిగెత్తించొద్దు. చోటు ముందే ఎంచుకోండి. చిన్న పిట్టలు నీటిగుంట దగ్గరికో పూల గుత్తి దగ్గరికో నేరుగా రావు, ముందు ఒక కొమ్మ మీద ఆగి చూసుకుంటాయి. అదే కొమ్మకి మళ్లీ మళ్లీ వస్తాయి. అరగంట కెమెరా ముట్టకుండా చూస్తే ఏ కొమ్మో తెలిసిపోతుంది. ఆ కొమ్మ అటూ ఇటూ పోయే దిశ మీ సెన్సర్‌కి సమాంతరంగా ఉండేలా కూర్చోండి. అప్పుడు పిట్ట కొమ్మ మీద ఎక్కడ వాలినా దూరం దాదాపు మారదు. కొమ్మ మీకేసి పొడుచుకొచ్చి ఉంటే మాత్రం గెంతిన ప్రతిసారీ ఫోకస్ తప్పుతుంది. వెనక ఆకులు కనీసం మూడు నాలుగు మీటర్లు దూరం ఉంటే నేపథ్యం మెత్తగా కరిగిపోతుంది.

కొమ్మ బెరడు మీద పెంచి చూసి ఫోకస్ కుదిర్చి ఉంచండి. పిట్ట వాలాక చేయాల్సింది సవరణ మాత్రమే, అది ఎప్పుడూ కొద్దిగా మీ వైపుకే ఉంటుంది, ఎందుకంటే పక్కకి తిరిగిన పిట్టలో మీ వైపు కన్ను కొమ్మ నడిమికంటే సెంటీమీటరు ముందుంటుంది. మోనోపాడ్ కంటే ట్రైపాడ్ మంచిది. లెన్స్‌కి కాలర్ (ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) ఉంటే దాన్నే బిగించండి, బాడీని కాదు. బరువంతా అడాప్టర్ మీద పడితే అది ఆడటం మొదలుపెడుతుంది, ఫ్రేములో ఒక వైపు మెత్తబడుతుంది.

గూటి దగ్గర కూర్చోవద్దు. పిట్ట ఒకే చోట నిలబడి ఆగకుండా అరుస్తోందంటే మీరు గూటికి అడ్డం వచ్చినట్టు, లేచి వెళ్లిపోండి.

---

ఎం42_మోజు:

స్విచ్ ఎ వైపే ఉంది, ఎం వైపుకి తోసాక బ్లేడ్లు కదులుతున్నాయి. ఒక సందేహం. ఎఫ్/8 పెట్టాక వ్యూఫైండర్‌లో కన్ను గట్టిపడిన చోటు తేలడం లేదు, చాలాసేపు అలాగే ఉన్నట్టు అనిపిస్తుంది. ఎఫ్/4లో ఫోకస్ చేసి తర్వాత రింగ్ ఎఫ్/8కి తిప్పాలా? ఇంకోటి, 2ఎక్స్ టెలీకన్వర్టర్ (లెన్స్ వెనక బిగించి బొమ్మని రెట్టింపు చేసేది) వేస్తే ట్యూబు అవసరం ఉండదు కదా?

---

కొమ్మచివర:

కొమ్మ మీద ముందస్తు ఫోకస్‌కి ఎఫ్/4 వాడండి, తర్వాత మూసేయండి. ఆ ఎ/ఎం స్విచ్చే మీ మీట: రింగ్ ఎఫ్/8 దగ్గరే ఉంచి, స్విచ్ ఎ అంటే పూర్తిగా తెరుచుకుంటుంది, ఎం అంటే ఎఫ్/8కి మూసుకుంటుంది. రింగ్ తిప్పనక్కర్లేదు, మెట్లు లెక్కపెట్టనక్కర్లేదు. అడాప్టర్‌లో పిన్ను నొక్కే అంచు లేకపోవడం ఇలా కలిసొచ్చింది.

కన్వర్టర్ వద్దు. 2ఎక్స్ రెండు స్టాపుల వెలుగు తింటుంది, ఎఫ్/4 లెన్స్ ఎఫ్/8 అవుతుంది, లెన్స్ లోపాలన్నీ రెండింతలు పెద్దవవుతాయి. దానితో కనిష్ఠ ఫోకస్ దూరం మారదు, నిజమే, 5.5 మీటర్ల దగ్గరే బొమ్మ రెట్టింపు వస్తుంది. కానీ 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద ఈడీ లేని లెన్స్‌తో ఆ రెట్టింపులో కొత్త వివరం పెద్దగా ఉండదు.

---

పొదచాటు:

ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. పిట్ట వచ్చాక చేసే సవరణ ఎఫ్/8 దగ్గరే చేయాలి. పాత లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు ఫోకస్ కనిపించే చోటు, మూసినప్పుడు కనిపించే చోటు కొద్దిగా వేరు కావచ్చు, 3 మీటర్ల దగ్గర ఆ కొద్దే సగం సెంటీమీటరైతే చాలు, చేతిలోని లోతులో సగం పోయినట్టే. పైగా వాలిన పిట్ట స్విచ్ చప్పుడుకి తల తిప్పుతుంది.

మీ లెన్స్ ఎంత జరుగుతుందో తెలుసుకోవడం తేలిక. బల్ల మీద స్కేలుని 45 డిగ్రీల ఏటవాలుగా నిలబెట్టి, 3.5 మీటర్ల నుంచి ట్రైపాడ్ మీద ఎఫ్/4లో 15 అంకె మీద ఫోకస్ చేయండి. రింగ్ ముట్టకుండా ఎఫ్/4, 5.6, 8 దగ్గర మూడు ఫ్రేములు తీయండి. షార్ప్‌గా ఉన్న పట్టీ నడిమి 15 మీదే ఉంటే కొమ్మచివర గారి పద్ధతి మీకు నిశ్చింతగా చెల్లుతుంది. 15 దాటి వెనక్కి జరిగితే ఎఫ్/8 దగ్గరే ఫోకస్ అలవాటు చేసుకోండి. చోటు తేలడం లేదంటే రింగ్‌ని రెండు వైపులా దాటించి, ముందు మెత్తబడిన చోటు, వెనక మెత్తబడిన చోటు గుర్తుపెట్టుకుని, వాటి నడుమ ఆపండి.