పరీక్షల శిక్షణ తరగతులకు ప్రభుత్వ నిధులు ఎవరిని అడగాలి?

ప్రశ్న – గణితం టీచర్

నేను అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడవ తరగతికి గణితం చెబుతున్నాను. రాష్ట్ర వార్షిక పరీక్షకు ముందు వారానికి మూడు రోజులు, బడి అయ్యాక తరగతులు నడపాలని మా ఉపాధ్యాయులందరి కోరిక. మా పిల్లల్లో సగానికి పైగా తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల వారే కనుక బయట ట్యూషన్‌కు వెళ్ళే స్తోమత వారికి లేదు. నిరుడు ‘పరీక్షల శిక్షణకు సహాయం’ అని రాసి ఒక దరఖాస్తు పంపితే, కారణం చెప్పకుండానే తిరస్కరించారు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు – డిస్ట్రిక్ట్ నిధుల విభాగంలో పనిచేసిన వ్యక్తి

టీచర్ గారూ, ముందుగా మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలో) ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, నిధుల వ్యవహారం చూసే అధికారిని కలవండి. 1965 నాటి ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంలోని టైటిల్ వన్ (తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు సాయం చేసే భాగం) నిధులు రాష్ట్రం ద్వారా డిస్ట్రిక్ట్‌కూ, అక్కడి నుంచి బడికీ వస్తాయి కాబట్టి, మీ బడికి ఇప్పటికే వాటా ఉందేమో మొదట తెలుసుకోవాలి. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు 40 శాతం లేదా అంతకు మించి ఉన్న బడి, ఆ డబ్బును మొత్తం పాఠశాల మెరుగుదలకు వాడుకునే పథకం పెట్టుకోవచ్చు. మీ తరగతులు ఆ పథకంలోకి ఎక్కాలంటే అది తయారయ్యే సమావేశాలకు మీరూ, తల్లిదండ్రులూ వెళ్ళాలి. బడ్జెట్ ఖరారయ్యాక వెళితే పని జరగడం కష్టం.

రెండో విషయం మరీ ముఖ్యం. ‘పరీక్షల శిక్షణ’ అని రాస్తే, పాత ప్రశ్నపత్రాలు బట్టీ పట్టించడానికి డబ్బు అడుగుతున్నారని చదివేవారికి అనిపిస్తుంది. పిల్లలు ఏ అంశంలో వెనుకబడ్డారో, దాన్ని ఏ పద్ధతిలో నేర్పుతారో, ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారమేమిటో రాయండి. 2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఆధారాలను నాలుగు స్థాయులుగా నిర్వచించారు. మీ పద్ధతి ఏ స్థాయికి చెందుతుందో పేర్కొంటే దరఖాస్తు బలపడుతుంది. అలాగే, రాష్ట్రమూ స్థానిక ప్రభుత్వమూ ఇవ్వాల్సిన డబ్బుకు బదులుగా ఫెడరల్ డబ్బును వాడకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, ఇవి మామూలు పాఠాలకు అదనమని తేటగా కనబడాలి.

జవాబు – బడి తర్వాతి కేంద్రం నిర్వాహకురాలు

మీవి బడి అయ్యాక జరిగే తరగతులు గనుక, అదే చట్టంలోని టైటిల్ ఫోర్, పార్ట్ బి కింద ఇచ్చే ‘ట్వెంటీ ఫస్ట్ సెంచురీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్’ నిధులను కూడా చూడండి. రాష్ట్ర విద్యాశాఖ పోటీ పెట్టి, 3 నుంచి 5 ఏళ్ళ కాలానికి ఇస్తుంది. అయితే ఒక్కో గ్రాంటు కనీసం 50,000 డాలర్లు ఉండాలని చట్టంలోనే ఉంది. ఒక్క ఏడవ తరగతి కోసం అంత పెద్ద ప్రణాళిక నిలబడదు. మరికొన్ని తరగతులనూ, ఒక స్వచ్ఛంద సంస్థనూ కలుపుకొని వెళ్ళడం మేలు. మా మొదటి ప్రయత్నంలో హాజరు ఎలా నమోదు చేస్తామో రాయకపోవడం వల్ల మార్కులు పోయాయి. రెండోసారి రోజువారీ హాజరు పట్టిక నమూనాను జతచేశాం, గ్రాంటు వచ్చింది.

జవాబు – హైస్కూల్ కౌన్సెలర్

మీ అవసరం ఇది కాకపోయినా ఇతరులకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను: తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థుల ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కళాశాల స్థాయి కోర్సుల) పరీక్ష ఫీజులను అదే చట్టంలోని టైటిల్ ఫోర్, పార్ట్ ఎ నిధులతో కట్టవచ్చు. ఇంకొక మాట, ‘రుసుము కట్టండి, ప్రభుత్వ గ్రాంటు ఖాయంగా ఇప్పిస్తాం’ అనే వారిని నమ్మకండి. ఫెడరల్ గ్రాంట్లకు దరఖాస్తు రుసుము లేదు.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ మనసారా ధన్యవాదాలు. రాత్రి కూర్చుని పోయినసారి నమూనా పరీక్ష జవాబు పత్రాలన్నీ మళ్ళీ తిరగేశాను. నిష్పత్తుల లెక్కను అంకెలతో ఇచ్చినచోట చక్కగా చేసిన పిల్లలే, అదే లెక్క నాలుగు వాక్యాల్లో వచ్చేసరికి ఖాళీ వదిలేశారు. కొందరు మొదటి వాక్యం కింద గీత గీసి అక్కడే ఆగిపోయారు. అంటే వారికి కావలసింది ప్రశ్నను చదివి అర్థం చేసుకోవడంలో సాయం. ఈ పత్రాలు పట్టుకొని, ఇంగ్లిష్ టీచర్‌ను కూడా వెంటబెట్టుకొని, సోమవారం డిస్ట్రిక్ట్ కార్యాలయానికి వెళుతున్నాను.