అప్‌డేట్: నటుడి వికీపీడియా పేజీలో పుట్టిన ఊరి గొడవ తేలింది

మా కోనసీమలో పుట్టిన ఒక సినిమా నటుడి తెలుగు వికీపీడియా పేజీలో పుట్టిన ఊరు పాలకొల్లు అని ఉందని, రాజోలు దగ్గర పల్లె అని మారుస్తుంటే ఎవరో వెనక్కి తిప్పేస్తున్నారని అడిగాను కదా. అది తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది పాత పేపర్లు వెతకమన్న సలహా. అమలాపురంలో గ్రంథాలయంలో బైండు చేసిన సంచికల్లో ఆయన ఇంటర్వ్యూ దొరికింది. రాజోలు దగ్గరి అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టి పాలకొల్లులో చదువుకున్నానని ఆయనే చెప్పారు. పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు చర్చా పేజీలో (వ్యాసంలో మార్పుల గురించి మాట్లాడుకునే చోట) రాశాక నిర్వాహకుడొకరు సరిచేశారు. ఆన్‌లైన్‌లో లేకపోయినా అచ్చు పత్రిక కూడా మూలం (ఆధారం) కింద చెల్లుతుంది.

కొందరు స్కూల్ రిజిస్టర్ ఫొటో పెట్టమన్నారు కానీ, బతికున్నవాళ్ళ విషయంలో అలాంటి రికార్డులు వాడకూడదట. మంచి నియమమే, మన వివరాలు ఎవరైనా అలా పెడితే ఊరుకుంటామా! పాలకొల్లు అని రాసిన సినిమా సైట్లు వికీ నుంచే ఎత్తుకున్నాయి, అచ్చుతప్పులతో సహా. కాబట్టి అవి లెక్కలోకి రాలేదు. జిల్లా పేరు కోనసీమా, తూర్పు గోదావరా అన్న వాదన కూడా అనవసరం: కోనసీమ జిల్లా వచ్చింది 2022లో, అందుకే ‘అప్పటి తూర్పు గోదావరి జిల్లా’ అని పెట్టారు.

అదే పేజీలో ఆయన విడాకుల గురించి మూలం లేకుండా ఉన్న వాక్యాన్ని మాత్రం చర్చ దాకా రానివ్వకుండా వెంటనే తీసేశారు. వాళ్ళ కుటుంబం ఇక్కడే ఉంటుంది, నాకు అన్నిటికన్నా అదే ఊరట. పుట్టిన సంవత్సరం రెండు పత్రికల్లో రెండు రకాలుగా ఉంది. మూలాలతో రెండూ ఇచ్చారు.