మడమ అడుగున చిరిగిన ఊలు మేజోళ్ళు: బాగుచేయడం ఎలా? తర్వాతి జతలో ఏం మార్చాలి?

సూదీదారం:
చేత్తో అల్లిన జత ఒకటి బాగుచేయాలి. నూరు శాతం మెరినో (ఒక జాతి గొర్రె ఊలు), ఒంటిపేట మెత్తటి ఊలు. 2.75 మి.మీ. సూదులు, చుట్టుకు 60 కుట్లు, 10 సెం.మీ.కి 27 కుట్లు పడ్డాయి. మడమ వెనక హీల్ ఫ్లాప్ (మడమను కప్పే మందపాటి అల్లిక పట్టీ) ఉంది. అయినా ఎడమదానికి మడమ అడుగున 2 సెం.మీ. చిల్లు పడింది. కుడిదానికి అదే చోట వెలుతురు కనిపిస్తోంది కానీ పోగు తెగలేదు. పాదం చుట్టుకొలత 23 సెం.మీ., పొడవు 24. రెంటికీ ఒకటే పద్ధతి పనికొస్తుందా? తర్వాతి జత ఇంత త్వరగా పోకుండా ఏం చేయాలి?

పడుగుపేక:
ముందు కుడిదాని సంగతి చూడండి. పోగు తెగనంతవరకు పని చాలా తేలిక. మొన మొద్దుగా ఉన్న సూదితో డూప్లికేట్ స్టిచ్ వేస్తే చాలు, అంటే పాత కుట్టు మీదే అదే దారిలో కొత్త ఊలు పోనివ్వడం. కుట్టు మొదట్లోంచి సూది పైకి తీసి, పై వరస కుట్టు రెండు కాళ్ళ (V ఆకారంలో కనిపించే రెండు పోగుల) వెనకగా పోనిచ్చి, మళ్ళీ అదే మొదట్లోకి దించాలి. పలచబడిన మేర దాటి అన్ని వైపులా మూడు నాలుగు కుట్లు గట్టి భాగంలోకి వెళ్ళాలి. అక్కడే ఆపేస్తే కొత్త ఊలు పక్కనున్న బలహీనమైన పోగును లాగి, అంచు వెంబడే మళ్ళీ చిరుగుతుంది.

ఎడమదానికి రఫ్ఫు చేయాలి. లోపల గుండ్రటి గట్టి వస్తువేదైనా పెట్టుకోండి, కానీ మేజోడును దానిమీద సాగదీయకండి. చిల్లు చుట్టూ జారిపోతున్న కుట్లన్నిటినీ ముందు సన్నటి దారం మీదికి ఎక్కించి ఆపాలి. తర్వాత చిల్లుకు ఒకటిన్నర సెం.మీ. అవతల మొదలుపెట్టి నిలువుగా పడుగు, దాన్ని ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి దాటుతూ అడ్డంగా పేక. తిరిగే ప్రతిచోటా చిన్న ఉచ్చు వదులుగా వదలండి. లేకపోతే ఉతికాక ఊలు దగ్గరపడి ముడతలు వస్తాయి. ముడులు ఎక్కడా వద్దు, మడమ కింద గుచ్చుకుంటాయి.

నాలుగుసూదులు:
కుడిదాని గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఎడమదానికి మాత్రం నేనైతే రఫ్ఫు వద్దంటాను. నేసిన ముక్క సాగదు, చుట్టూ ఉన్న అల్లిక సాగుతుంది. బరువంతా పడే మడమ అడుగున ఆ తేడా అంచు దగ్గర ఒత్తుకుంటుంది. అక్కడ అల్లిన అతుకే మేలు.

మీ లెక్కన చిల్లు వెడల్పు అయిదారు కుట్లు. చెరో వైపు మూడు కలిపి 12 కుట్లు అనుకోండి. చిల్లుకు మూడు వరసల కింద, ఒకే వరసలో 12 కుట్ల కుడికాళ్ళు సూది మీదికి ఎత్తి, నిట్ (సూటి కుట్టు) ఒక వరస, పర్ల్ (తిరగ కుట్టు) ఒక వరసగా అల్లుకుంటూ పోవాలి. వరస చివరికి వచ్చిన ప్రతిసారీ మేజోడు నుంచి ఒక కాలు ఎత్తి, ఆఖరి కుట్టుతో కలిపి అల్లాలి. ఒక్కో అంచుకు రెండు వరసలకోసారే అతుకు పడుతుంది కాబట్టి, మేజోడులో కూడా వరస విడిచి వరస ఎత్తండి. ఇది మర్చిపోతే అతుకు పొడుగై ఉబ్బుతుంది. చిల్లు దాటి మూడు వరసలయ్యాక కిచెనర్ కుట్టుతో (అతుకు గీత కనపడకుండా కుట్లను సూదితో కలిపే పద్ధతి) కలిపేయడమే.

ఇక అసలు కారణం. 60 కుట్లు, 10 సెం.మీ.కి 27 అంటే చుట్టు 22.2 సెం.మీ. 23 పాదానికి ఇది దాదాపు సరిసమానం, అందుకే లోపల కాలు జారుతూ రాసుకుంటోంది. మేజోడు పాదం కంటే పది శాతం చిన్నదిగా ఉండాలి. 2.25 సూదులతో 10 సెం.మీ.కి 32 కుట్లు తెచ్చుకుంటే 20.7 సెం.మీ.కి 66 వస్తాయి, నాలుగుతో భాగించడానికి 64 తీసుకోండి. పొడవు 22.5 చాలు.

హీల్ ఫ్లాప్ మడమ వెనక భాగాన్నే కాపాడుతుంది. మీకు అరిగింది అడుగున. కాబట్టి ఒకటి స్లిప్ (అల్లకుండా దాటించడం), ఒకటి నిట్ వరసను మడమ మలుపులోనూ కొనసాగించి, అక్కణ్ణుంచి అరికాలు మొదటి 3 సెం.మీ. వరకు సన్నటి నైలాన్ కలిసిన దారాన్ని జతచేసి అల్లండి. ఒంటిపేట మెరినో మెత్తగా ఉంటుంది కానీ పురి తక్కువ, రాపిడికి నార విడిపోతుంది. మూడు నాలుగు పేటలు గట్టిగా పురిపెట్టిన 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ తీసుకోండి.

సూదీదారం:
చాలా ఉపయోగం అండీ. అతుక్కి ఏ ఊలైనా వాడొచ్చా? కుడిదానికి చీలమండ పైన, ఏ రాపిడీ లేని చోట, ఇంకో చిన్న చిల్లు కనిపించింది.

పడుగుపేక:
మేజోడు సూపర్‌వాష్ (ఉతికినా కుంచించుకుపోకుండా శుద్ధిచేసిన ఊలు) అయితే అతుకూ సూపర్‌వాషే కావాలి. మామూలు ఊలు ఉతికేకొద్దీ కుంచించుకుపోయి చుట్టుపక్కల్ని లాగుతుంది. మందం కూడా అంతే ఉండాలి.

పైన చిల్లు చుట్టూ అల్లిక పలచబడకుండా, పోగు కొరికినట్టు తెగి ఉంటే అది చిమ్మట పురుగు పనే. ఇది మొదట చూసుకోండి, మిగతా ఊలుకు పాకుతుంది. జతను గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి పూర్తిగా ఆరనిచ్చి, గాలి చొరని సంచిలో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాకే సూది పట్టండి. పక్కన దాచిన ఊలు ఉండలకూ అదే చేయాలి.