టేబుల్‌కి పాలీయురెథేన్ పూత: బ్రష్షా, గుడ్డా?

చిత్రిక:
ఇంట్లో చేసుకున్న టేబుల్‌కి ఆయిల్ పీయూ (నూనె ఆధారిత పాలీయురెథేన్) వేస్తే బ్రష్ గీతలు, బుడగలు, దుమ్ము పొక్కులు వస్తున్నాయని ఇక్కడ చాలామంది అడిగారు. బ్రష్ మానేయండి అంటాను. పీయూ, మినరల్ టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి, పోగులు రాలని పాత బనీను గుడ్డతో పలచగా తుడవండి. పూత కారదు, త్వరగా ఆరుతుంది, దుమ్ము అంటుకునే వ్యవధి తగ్గుతుంది.

బాడిస:
నేను ఒప్పుకోను. మూడు నాలుగు సార్లు గుడ్డతో తుడిస్తే గానీ ఒక బ్రష్ పూతంత మందం రాదు. రోజూ గ్లాసులు పెట్టే చోట ఆ పలచన నిలబడదు. గీతలు పడేది పీయూ చిక్కగా ఉన్నప్పుడు, ఆరడం మొదలైన పూతను మళ్లీ మళ్లీ కెలికినప్పుడు. 10 శాతం టర్పెంటైన్ కలపండి. పూత పరిచాక బ్రష్ నిలువుగా పట్టి, కొసలు మాత్రమే తగిలేలా చెక్క చారల వెంట ఒక్కసారి లాగి వదిలేయండి. డబ్బా ఊపితే బుడగలు ఖాయం. పుల్లతో అడుగు నుంచి నెమ్మదిగా తిప్పాలి.

రంపం:
మీరిద్దరూ పూత దగ్గరే ఆగిపోయారు. సగం గీతలు చెక్కలోనే ఉంటాయి! ఎమరీ పేపర్ 80, 120, 180, 220 వరసలో వెళ్లాలి (అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). 80 గీతలు 120తో పోకపోతే 220 వాటిని తీయలేదు, అంచులు మెరుగుపెడుతుంది అంతే. పైన పారదర్శక పూత పడగానే అవన్నీ బయటపడతాయి. లైటు ఆర్పి, టార్చిని చెక్కకి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు వేయండి. మెషీన్ వదిలిన సన్నటి సున్నాచుట్టలు కూడా కనిపిస్తాయి.

నీటి ఆధారిత పీయూ అయితే చెక్క నూగు లేస్తుంది. ముందే తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక 220తో తేలిగ్గా రుద్దేయాలి. దానికి స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) మాత్రం వాడొద్దు, చిక్కుకున్న ముక్కలు తుప్పు చుక్కలవుతాయి.

చిత్రిక:
పైపలకకి బ్రష్ అంటే సరే. కాళ్లకి, మలుపు తిరిగిన అంచులకి మాత్రం గుడ్డే. అక్కడ బ్రష్ పూత చుక్కలు కట్టి దిగుతుంది. ఒక జాగ్రత్త: ఆ గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

బాడిస:
చివరి పూత మీద దుమ్ము గురించి కూడా చెప్పాలి. మూడు నాలుగు వారాలు ఆగి, 1000, ఆపై 1500 వాటర్ పేపర్‌తో సబ్బునీళ్లు చల్లి రుద్దితే గాజులా నున్నబడుతుంది. తొందరపడితే ఇంకా మెత్తగా ఉన్న పూత కాగితానికి ఉండలు కడుతుంది. పీయూ పూతలు ఒకదానిలో ఒకటి కరగవు. రుద్దుడులో పై పూత తెగితే కింది పూత అంచు వలయంలా కనిపిస్తుంది. గుడ్డ పూతలు పలచన కాబట్టి ఇంకా సులువుగా తెగుతాయి.