మ్యూజికల్ థియేటర్ కాలేజీలు: ఆడిషన్‌కి ముందే వెళ్లి క్లాసులు చూడాలా, సీటు వచ్చాక చూడాలా?

ఎడిసన్_అమ్మ:
మా అమ్మాయి 11వ తరగతి. ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకుంది, కర్ణాటక సంగీతం కొంత వచ్చు, హైస్కూల్లో ఏటా వేసే మ్యూజికల్‌లో తప్పకుండా ఉంటుంది. ఇప్పుడు బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) మ్యూజికల్ థియేటరే, అంటే పాట, డాన్స్, నటన కలిసిన నాటకమే చదువుతానంటోంది. పెన్ స్టేట్, కార్నెగీ మెలన్, సిన్సినాటీ, మిషిగన్, ఇలా పది కాలేజీల జాబితా రాసుకుంది. అప్లై చేసేముందే అన్నిచోట్లా క్లాసుల్లో కూర్చుని చూడాలని తన పట్టు. మావారేమో సీటు వచ్చిన చోటికి ఏప్రిల్‌లో వెళ్దాం, ఇప్పుడెందుకీ ఖర్చు అంటున్నారు. రోజూ ఇదే గొడవ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_నాన్న:
మీవారు చెప్పిందే సరైనదండీ. ఏడాదికి తీసుకునేది ఇరవై మంది, అటూ ఇటూగా. వచ్చేవాళ్లు పేరున్న చోట్ల వందల్లో, వేలల్లో. ముందు పాటలు, మోనోలాగులు (ఒక్కరే చెప్పే డైలాగులు), డాన్స్ రికార్డు చేసి ప్రీస్క్రీన్ పంపాలి, అది దాటితేనే ఆడిషన్. మీరు క్యాంపస్ చూసి వచ్చారని ఆ గదిలో ఎవరూ ఒక్క మార్కు ఎక్కువ వేయరు. కార్నెగీ మెలన్ డ్రామా స్కూల్ 1914 నుంచి ఉంది, అమెరికాలో నాటకానికి మొదట డిగ్రీ ఇచ్చిందే వాళ్లు, అక్కడ బాగా చెబుతారా లేదా అని మనం వెళ్లి తేల్చాలా? మావాడు ఒక కాలేజీ చూసొచ్చి మనసు పారేసుకున్నాడు, తీరా ప్రీస్క్రీన్‌లోనే పోయింది. నెలరోజులు సరిగ్గా తిండి తినలేదు. తర్వాత షికాగో యూనిఫైడ్స్‌కి, అంటే చాలా కాలేజీలు కలిసి ఆడిషన్లు పెట్టే చోటికి తీసుకెళ్లాను, నాలుగు రోజుల్లో ఏడు కాలేజీల ఆడిషన్లు ఒకే ఊళ్లో అయిపోయాయి. డబ్బు పెడితే అక్కడ పెట్టండి.

కొలంబస్_అమ్మ:
ఫ్రిస్కో నాన్నగారూ, మీ అబ్బాయి పడ్డ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ అలాంటి నెల ఒకటి గడిచింది. కానీ ఏప్రిల్ దాకా ఆగమంటే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే మావాడి విషయంలో మేం అలాగే ఆగి ఇబ్బందిపడ్డాం. జవాబులన్నీ చేతికొచ్చేసరికి మార్చి అయిపోయింది, మే 1కల్లా ఎక్కడ చేరేదీ చెప్పాలి, మధ్యలో ఉన్న నాలుగు వారాల్లో స్కూల్ షో రిహార్సల్స్, ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షల చదువు, మా ఉద్యోగాలు. మూడుచోట్ల సీటొస్తే ఒక్కచోటికే వెళ్లగలిగాం. అదీ సీటొచ్చినవాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన రోజు, అంటే పెళ్లిచూపుల ఇల్లులా అంతా సర్దిపెట్టిన రోజు. మామూలు మంగళవారం అక్కడ ఎలా గడుస్తుందో మాకు తెలియనే లేదు.

మా అక్క కూతురికి ఆ తప్పు జరగనివ్వలేదు. అక్టోబర్‌లో వారం మధ్యలో రెండు కాలేజీలకు తీసుకెళ్లాను. ఒకచోట (పేరు వద్దు) గంటన్నర క్లాసులో గంటసేపు టీచరే మాట్లాడారు, లేచి పాడింది ఇద్దరే. రెండోచోట మూడో ఏడు వాళ్ల క్లాసు. ఒకమ్మాయి చిన్న ముక్క పాడింది, టీచర్ ఆపి, ఈ మాట ఎవరితో అంటున్నావు, వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేస్తావు అని అడిగారు, మళ్లీ పాడించారు. అలా ఆరుసార్లు. ఆరోసారికి అదే స్వరం, అదే పాట, మనిషి మాత్రం వేరు. నాకు కళ్లు చెమర్చాయి.

దారిలో మా పిల్ల ఏం అందో తెలుసా? "పిన్నీ, పొద్దున తొమ్మిదికి బ్యాలే, రాత్రి పదికి రిహార్సల్, నాకు బయాలజీకి టైమేదీ?" అంది. బీఎఫ్‌ఏలో మూడింట రెండొంతులు, ఆపైన కూడా కళకే పోతుందని కాగితం మీద చదివిందే, కానీ ఆ రోజు కళ్లతో చూసింది. వెంటనే జాబితా మార్చి, వేరే సబ్జెక్టులకీ చోటుండే బీఏ ఇచ్చే కాలేజీలు సగం చేర్చింది. ఇప్పుడు బయాలజీతో కలిపి చదువుతోంది. ఇదే ఏప్రిల్‌లో తెలిసుంటే జాబితా మార్చే వీలెక్కడ? కాలేజీ గొప్పదా కాదా అని చూడ్డానికి కాదండీ వెళ్లేది, మన పిల్లకి ఆ పని రోజూ కావాలా వద్దా అని చూడ్డానికి.

రెండో_ఏడు_బీఎఫ్‌ఏ:
ఆంటీ, నేను భరతనాట్యం నుంచి వచ్చాను కాబట్టి చెబుతున్నా. అరమండి వల్ల తుంటి దగ్గర తెరుచుకోవడం అలవాటే, కానీ మనం పాదం నేలకేసి కొడతాం, బరువు కిందికి దింపుతాం, బ్యాలేలో ఒళ్లంతా పైకి లాగాలి, పాదం చాచాలి. ఒక్క క్లాసు ముందే చూసుంటే ఏడాది ముందు బ్యాలే మొదలుపెట్టేదాన్ని. మొదటి సెమిస్టర్ అంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది.

ఎవరైనా చూడటానికి వస్తే టీచర్లు కాస్త జాగ్రత్తగా ఉంటారు, అది నిజం. అందుకే మధ్యాహ్నం తిండి దగ్గర మూడో ఏడు, నాలుగో ఏడు వాళ్లని పట్టుకోండి. మొదటి ఏడు పిల్లలకి వేషాలిస్తారా, రెండో ఏడు తర్వాత ఎవరినైనా తీసేస్తారా, విడిగా పాట క్లాసు వారానికెంతసేపు, చివరి ఏడాది షోకేస్‌కి (ఏజెంట్ల ముందు చేసే ప్రదర్శనకి) న్యూయార్క్ తీసుకెళ్తారా, ఖర్చెవరిది, ఇవన్నీ అడగండి. రాత్రి వాళ్ల నాటకం ఉంటే తప్పకుండా చూడండి, కరపత్రంలో ఎవరు ఏ ఏడు వాళ్లో లెక్కపెట్టండి. అన్ని క్లాసుల్లోకీ రానివ్వరు, విడిగా జరిగే పాట క్లాసుకి అసలు అడగొద్దు. అడ్మిషన్స్ టూర్ బుక్ చేసి ఊరుకోకండి, డిపార్ట్‌మెంట్‌కి నేరుగా మెయిల్ రాయండి. వేసవిలో వెళ్తే ఖాళీ గదులే ఉంటాయి.

ఫ్రిస్కో_నాన్న:
జాబితా మార్చుకోవచ్చన్న మాట నేను ఆలోచించలేదు కొలంబస్ అమ్మగారూ, అది ఒప్పుకుంటాను. అయినా పది కాలేజీలు తిరగడం తప్పే. కారులో వెళ్లగలిగినవి రెండు మూడు చాలు, వాటిలో ఒకటైనా ఆడిషన్ లేకుండా చేర్చుకునేది ఉండాలి. పిల్ల మనసు ఒక్కచోటే చిక్కుకోకుండా ఉంటుంది. ఆ నెల నేను చూశాను, మీరు చూడకూడదు.

ఎడిసన్_అమ్మ:
అందరికీ థాంక్స్. రాత్రి ఇదంతా మావారికి చదివి వినిపించాను. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ ఏటా వెళ్తాం, ఈసారి శనివారం బదులు గురు, శుక్రవారాలు సెలవు పెడతానన్నారు. కార్నెగీ మెలన్ ఆ ఊళ్లోనే ఉంది, దారి కాస్త మార్చుకుంటే పెన్ స్టేట్ మధ్యలోనే తగులుతుంది. రెండుచోట్లకీ అమ్మాయి చేతే మెయిల్ రాయించాను, మూడో ఏడు క్లాసు చూడనిస్తారా అని అడిగింది. ఆడిషన్ లేనిది దగ్గర్లో ఒకటి వెతుకుతున్నాం. మిషిగన్ దగ్గర మాత్రం ఇంకా తెగలేదు, విమానం ఎక్కాల్సిందేనని తను, సీటొస్తేనే ఎక్కుదామని ఆయన.