ప్లగిన్ పెట్టగానే వ్యాసం మాయమవుతోంది – వర్డ్‌ప్రెస్ సందేహం

ప్రశ్న (గాజువాక నుంచి):
అందరికీ నమస్కారం. మా బాబాయి ద్వారకానగర్‌లో ట్రావెల్స్ నడుపుతున్నారు. అరకు, బొర్రా గుహల యాత్రలపై ఆయన వెబ్‌సైటులో వ్యాసాలు పెడుతుంటాం. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డులో చలికాలం పొగమంచు పడుతుంది కదా, ఆ జాగ్రత్త ప్రతి వ్యాసం చివర కనబడాలన్నది ఆయన కోరిక. థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైలులో రాస్తే అప్‌డేట్‌తో కొట్టుకుపోయింది. అందుకని ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాం) మొదలుపెట్టి, వ్యాసం పాఠాన్ని అందించే ‘ది_కంటెంట్’కు ఫిల్టర్ తగిలించాను. పొగమంచు హెచ్చరిక వస్తోంది, వ్యాసం మాత్రం కనబడడం లేదు. పీహెచ్‌పీ కొద్దిగా వచ్చు. లోపం ఎక్కడుంది?

సమాధానం (మధురవాడ నుంచి):
హెచ్చరికను ‘ఎకో’తో ముద్రించి, ‘రిటర్న్’ రాయకుండా వదిలేసి ఉంటారు. ప్లగిన్లలో అసలు గ్రహించవలసింది ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగండి.

వర్డ్‌ప్రెస్ పనిలో మన కోడ్‌ను తగిలించగల చోట్లను హుక్‌లు అంటారు. అవి రెండు రకాలు. యాక్షన్ అంటే ఫలానా ఘట్టం వచ్చిందని మీకు కబురు అందడం. అప్పుడు చేయవలసిన పని చేసుకుంటారు, తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదు. ఫిల్టర్ అలా కాదు. వ్యాసం మొత్తాన్ని మీ ఫంక్షన్ చేతికిచ్చి, సవరించి తిరిగి ఇస్తారని ఎదురుచూస్తుంది. మీరు ఏమీ ఇవ్వకపోతే పాఠకుడికి చేరేది కూడా ఏమీ ఉండదు. చేతికి వచ్చిన వ్యాసం వెనుక చుక్క గుర్తుతో హెచ్చరికను అతికించి, ఆ మొత్తాన్ని రిటర్న్ చేయండి.

ఒక షరతు కూడా చేర్చండి: ‘ఈజ్_సింగులర్’ నిజమైనప్పుడే అతికించాలి. లేకపోతే మొదటి పేజీలో కనబడే సంగ్రహాల్లోకి కూడా ఆ పొగమంచు వాక్యం చొరబడవచ్చు. ఫంక్షన్ పేరుకు ముందు మీదైన ముద్ర, ఉదాహరణకు ‘అరకు_’, తప్పక ఉంచండి. అదే పేరు ఇంకో ప్లగిన్‌లో ఉంటే సైటు ఆగిపోతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ, వ్యాసం తిరిగి వచ్చింది! ఆ వాక్యాన్ని బాబాయే అడ్మిన్‌లో మార్చుకునే వీలుందా?

సమాధానం (ఎంవీపీ కాలనీ నుంచి):
ఉంది. ‘అడ్మిన్_మెనూ’ హుక్‌తో సెట్టింగుల పేజీ, ‘రిజిస్టర్_సెట్టింగ్’తో ఆ వాక్యం నిల్వ, ‘గెట్_ఆప్షన్’తో తిరిగి తీసుకోవడం. పెద్ద పనేమీ కాదు.

నేను గట్టిగా చెప్పేది భద్రత గురించి. లోపలికి వచ్చే వాక్యాన్ని ‘శానిటైజ్_టెక్స్ట్_ఫీల్డ్’తో శుభ్రం చేయాలి, బయటికి పంపేటప్పుడు ‘ఈఎస్‌సీ_హెచ్‌టీఎంఎల్’ గుండా పంపాలి. రెండూ కావాలి. రాసేది బాబాయే కదా అని వదిలేయకండి, ఆయన పాస్‌వర్డ్ ఇంకొకరికి దొరికిన రోజున ఈ జాగ్రత్తలే అక్కరకొస్తాయి. సొంతంగా ఫారం రాసినప్పుడు నాన్స్ (ఆ అభ్యర్థన మన ఫారం నుంచే వచ్చిందని చూపే గుర్తు) తనిఖీతో పాటు, ఆ మార్పు చేసే అధికారం ఆ వ్యక్తికి ఉందో లేదో కూడా చూడాలి. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనుకోవద్దు.

సమాధానం (మధురవాడ నుంచి):
ఇంకొక మాట. బాబాయిగారి సైటు మీదే ప్రయోగాలు చేయకండి. ఇంట్లో కంప్యూటర్‌లో వర్డ్‌ప్రెస్ పెట్టుకుని, అందులో ‘డబ్ల్యూపీ_డీబగ్’ ఆన్ చేసి చూడండి. తప్పు ఏ వరుసలో ఉందో అదే చెబుతుంది. అసలు సైటు ఎప్పుడైనా తెరుచుకోక ఖాళీ తెల్ల తెర చూపిస్తే కంగారుపడకుండా, హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో మీ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చేయండి. ప్లగిన్ ఆగిపోయి సైటు తెరుచుకుంటుంది.